చివరి మనిషి పోయేనాటికి భాష ఎప్పుడో పోయి ఉంటుంది

మీరు అడిగినవి రెండు. భాషలు ఎందుకు అంతరిస్తాయి? అంతరిస్తే నిజంగా ఏం పోతుంది, అందరూ ఒకే భాష మాట్లాడుకుంటే ఇంకా సుఖం కదా? రెండింటికీ జవాబు ఒకే చోట మొదలవుతుంది: ఇంట్లో పసిపిల్లతో పెద్దవాళ్లు ఏ భాషలో మాట్లాడుతున్నారన్న దగ్గర. పత్రికల్లో వార్త వచ్చేది చివరి మనిషి చనిపోయినప్పుడు. కానీ ఆ భాష పని అంతకు యాభై అరవై ఏళ్ల ముందే ఇళ్లలో అయిపోయి ఉంటుంది.

మొదట ఒక తేడా తేల్చుకోవాలి. లాటిన్ చనిపోయిందంటారు గానీ అది మారింది, అంతే. ఏ తరంలోనూ పిల్లలతో ఆ భాష మాట్లాడటం ఆగలేదు. అదే మాట తరతరానికీ కొంచెం కొంచెం మారుతూ ఒక చోట ఇటాలియన్, ఒక చోట స్పానిష్, మరో చోట రుమేనియన్ అయింది. ఆ లాటిన్ సంతానంలోనే ఒకటైన డాల్మేషియన్ మాత్రం నిజంగా అంతరించింది. ఆడ్రియాటిక్ సముద్రంలోని క్ర్‌క్ దీవిలో దాన్ని ఆఖరుగా ఎరిగిన టువోనె ఉదైనా 1898 జూన్ 10న ఒక పేలుడులో మరణించాడు. అంతకు ముందు ఏడాది మత్తేయో బార్తోలీ అనే పండితుడు ఆయన దగ్గర మాటలూ కథలూ రాసుకున్నాడు. అప్పటికే ఉదైనాకు పళ్లు లేవు, చెవుడు వచ్చింది, ఆ భాష మాట్లాడి ఇరవై ఏళ్లయింది. పైగా అది ఎవరో పనిగట్టుకుని నేర్పింది కాదు, ఇంట్లో పెద్దవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటుంటే పట్టుకున్నది. ఆ దీవి భాష గురించి లోకానికి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ ఒక్క నోటినుంచే వచ్చింది. చివరి మనిషి అంటే సాధారణంగా పరిస్థితి ఇదే. ఆయన భాషను నిండుగా మాట్లాడే మనిషి కాడు, మాట్లాడేవాళ్ల మధ్య పెరిగిన మనిషి.

లెక్కల్లోకి వస్తే, ఇప్పుడు లోకంలో దాదాపు 7,000 భాషలున్నాయి. వాటిలో 800కు పైగా ఒక్క పాపువా న్యూగినీలోనే ఉన్నాయి. మొత్తంలో సుమారు 40 శాతం ప్రమాదంలో ఉన్నట్టు అంచనా. రెండు వారాలకో భాష పోతోందన్న మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది. ప్రమాదంలో ఉన్న భాషల జాబితాను ఒక్కొక్కటిగా సరిచూసిన పరిశోధకులు తేల్చింది మాత్రం సుమారు మూడు నెలలకు ఒకటి అని. ఇది కూడా తక్కువేం కాదు. 2021 చివర్లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం 6,511 భాషలను పరిశీలించి, ఏమీ చేయకపోతే ఈ శతాబ్దం ముగిసేలోగా దాదాపు 1,500 భాషలు మాట్లాడేవాళ్లు లేకుండా పోవచ్చని లెక్కగట్టింది. మనం మాట్లాడుకోవాల్సిన అంకె ఇది. పెంచి చెప్పిన లెక్క ఒకసారి తప్పని తేలితే అసలు సంగతిని కూడా ఎవరూ నమ్మరు.

కారణాల్లో అన్నిటికంటే సూటిదీ, అన్నిటికంటే అరుదైనదీ మనుషులే లేకుండా పోవడం. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, దాని పాదంలో ఉన్న ఊళ్లను తుడిచిపెట్టింది. అక్కడి వాళ్ల భాషలో మనకు మిగిలింది అంతకుముందు రాసిపెట్టిన 48 మాటల పట్టిక. అమెరికా ఖండాల్లో యూరోపియన్లు తెచ్చిన మశూచి, తట్టు లాంటి రోగాలు ఎన్ని భాషలను కనీసం పేరైనా నమోదు కాకుండా తీసుకుపోయాయో లెక్కలేదు. జనం బతికి ఉన్నా చెదిరిపోతే ఫలితం అలాగే ఉంటుంది. 1864లో రష్యా సైన్యం ఉబిఖ్ జాతిని కాకసస్ కొండల నుంచి వెళ్లగొడితే వాళ్లు ఒట్టోమన్ సామ్రాజ్యంలో తలా ఒక ఊళ్లో సర్దుకున్నారు. ఊరికి పది ఇళ్లుంటే ఆ పది ఇళ్ల భాష బజార్లో చెల్లదు. 1992 అక్టోబర్ 7న తెవ్‌ఫిక్ ఎసెంచ్ మరణంతో ఉబిఖ్ ఆగిపోయింది. భయం మరో దారి. ఎల్ సాల్వడార్‌లో 1932 నాటి ఊచకోతలో ఆదివాసుల్లా కనిపించినవాళ్లను వేల సంఖ్యలో చంపారు. బతికినవాళ్లు ప్రాణం దక్కించుకోవడానికి కట్టూబొట్టూ మార్చారు, నలుగురిలో తమ భాష ఎత్తడం మానేశారు.

బలవంతం పనిచేసే తీరును కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే దాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో, ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో బడిపిల్లలు తమ భాష మాట్లాడితే మెడలో ఒక చెక్కముక్కో మరొకటో వేలాడదీసేవారు. ఆ పిల్ల మరొకరు మాట్లాడుతుంటే పట్టిచ్చి దాన్ని వాళ్ల మెడకు మార్చవచ్చు. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాళ్లకు దెబ్బలు. అమెరికాలో ఆదివాసీ పిల్లల కోసం 1879లో మొదలైన కార్లైల్ వసతి బడి లాంటివి ఇంకో అడుగు ముందుకేసి, పిల్లల్ని ఇంటినుంచే విడదీశాయి. వీటివల్ల ఆ పిల్లలు భాష మరిచిపోయారని అనుకుంటాం. చాలామంది మరిచిపోలేదు. పెరిగి పెద్దయి, తమకు పిల్లలు పుట్టాక, ఈ బాధ వీళ్లకెందుకని ఇంట్లో ఆ భాష ఎత్తలేదు. అంటే దెబ్బ పడిన తరానికీ భాష ఆగిన తరానికీ మధ్య ఇరవై ముప్పై ఏళ్ల ఎడం ఉంటుంది. అందుకే చట్టం రద్దయినా, శిక్షలు పోయినా క్షీణత ఆగదు. అలాస్కాలో ఎయాక్ భాష చివరి వక్త మేరీ స్మిత్ జోన్స్ 2008 జనవరి 21న చనిపోయారు. ఆమెకు తొమ్మిది మంది పిల్లలు. వాళ్లు పెరిగే రోజుల్లో ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడటం నామోషీ. తొమ్మిది మందిలో ఒక్కరికీ ఎయాక్ రాలేదు.

ఇప్పుడు జరుగుతున్న నష్టంలో ఎక్కువ భాగానికి చంపేవాళ్లూ ఉండరు, కొట్టేవాళ్లూ ఉండరు. మూడు తరాల్లో పని ముగుస్తుంది. అవ్వాతాతలకు సొంత భాష ఒక్కటే వచ్చు. అమ్మానాన్నలకు దానితోపాటు బయట చెల్లే పెద్ద భాషా వచ్చు, పిల్లలతో ఆ పెద్ద భాషే మాట్లాడతారు. పిల్లలకు సొంత భాష అర్థమవుతుంది గానీ జవాబు పెద్ద భాషలో ఇస్తారు. వాళ్ల పిల్లలకు అదీ ఉండదు. పాపువా న్యూగినీలోని గాపున్ ఊళ్లో 1980లలో డాన్ కూలిక్ అనే మానవశాస్త్రవేత్త ఇదే గమనించాడు. తాయాప్ అనే వాళ్ల భాష ఆ ఒక్క ఊరిదే. పదేళ్లలోపు పిల్లల్లో ఒక్కరూ దాన్ని మాట్లాడటం లేదు. పెద్దలనడిగితే పిల్లలే మొండికేసి, దేశమంతా చెల్లే టోక్ పిసిన్ అనే భాష మాట్లాడుతున్నారన్నారు. తీరా ఇళ్లలో జరిగే మాటలను రికార్డు చేసి వింటే, పసివాళ్ల వైపు తిరగగానే పెద్దలే టోక్ పిసిన్‌కు మారిపోతున్నారు. ఆ సంగతి వాళ్లకే తెలియదు. ఆస్ట్రియాలోని ఓబర్‌వార్ట్‌లో హంగేరియన్ తగ్గిపోవడాన్ని పరిశీలించిన సూసన్ గాల్‌కు మరో కారణం కనిపించింది. అక్కడ హంగేరియన్ అంటే సేద్యం, జర్మన్ అంటే ఫ్యాక్టరీ జీతం. రైతు ఇంటి కోడలి చాకిరీ తప్పించుకోవాలనుకున్న ఆడపిల్లలు ముందుగా జర్మన్ వైపు జరిగారు. వాళ్ల ఎంపిక వాళ్ల బతుకు లెక్కలో సరైనదే. భాషను కాపాడాలనేవాళ్లు వాళ్లను తప్పుపట్టడంతో మొదలుపెడితే అక్కడే ఓడిపోతారు.

6,511 భాషల అధ్యయనం చెప్పిన విషయం కూడా ఇక్కడికే చేరుతుంది. పక్క భాషలతో కలిసి ఉండటం వల్ల ఏ భాషకూ ప్రమాదం పెరగలేదు. ప్రమాదంతో బలంగా ముడిపడినవి రెండు: ఆ ప్రాంతంలో రోడ్లు ఎంత దట్టంగా ఉన్నాయి, జనం సగటున ఎన్నేళ్లు బడికి వెళ్తున్నారు. రోడ్డు ఊరిని పట్నానికి కలుపుతుంది, బడి ఒక్క భాషలోనే నడుస్తుంది. రోడ్డూ బడీ వద్దనలేం. బడి రెండు భాషల్లో ఎందుకు నడవదన్నదే అడగాల్సింది.

మాట్లాడేవాళ్ల సంఖ్య చూసి భాష క్షేమమో కాదో తేల్చడం చాలామంది చేసే పొరపాటు. ఫారో దీవుల భాషకు లక్షమంది కూడా లేరు, కానీ అక్కడ పిల్లలు ఆడుకునేదీ చదివేదీ అందులోనే, కాబట్టి దానికి ఢోకా లేదు. బ్రిటనీ భాష బ్రెటన్‌కు 1950 ప్రాంతంలో పది లక్షల మంది దాకా ఉన్నారు. ఆ కాలంలోనే తల్లిదండ్రులు పిల్లలతో ఫ్రెంచికి మారారు. ఇవాళ రెండు లక్షలకంటే తక్కువే మిగిలారు, అందులో వృద్ధులే ఎక్కువ. 1950లో జనగణన చూసినవాడికి బ్రెటన్ దిట్టంగానే కనిపించి ఉంటుంది.

మరి చూడాల్సింది ఏమిటి? యునెస్కో నిపుణుల బృందం 2003లో తొమ్మిది అంశాలతో ఒక కొలమానం ఇచ్చింది. అన్నిటిలోకీ బరువైనది తరాల మధ్య అందజేత. దానికి 5 నుంచి 0 వరకు మెట్లు. పిల్లలందరూ అన్ని చోట్లా మాట్లాడితే 5. కొందరు పిల్లలే, లేదా ఇంటివంటి కొన్ని చోట్లే అయితే 4. తల్లిదండ్రుల తరం నుంచి పైకి మాత్రమే అయితే 3. తాతల తరం అయితే 2. ముత్తాతల తరంలో కొద్దిమందే ఉంటే 1. ఎవరూ లేకపోతే 0. మీరే ఒక ఊరి పరిస్థితి తెలుసుకోవాలంటే ‘మీ పిల్లలకు భాష వచ్చా’ అని అడగకండి, గౌరవం కోసమో సిగ్గుకో వచ్చిన జవాబు నిజం కాదు. తల్లి సొంత భాషలో పిలిస్తే బిడ్డ ఏ భాషలో పలికిందో వినండి. అన్నాచెల్లెళ్లు తమలో తాము పోట్లాడుకునేది ఏ భాషలో? అన్నిటికంటే ముందుగా మారేది అదే. అమ్మతో సొంత భాష మాట్లాడే పిల్లలు తమలో తాము పెద్ద భాషకు మారారంటే, వాళ్లకు పిల్లలు పుట్టాక ఏం జరుగుతుందో తెలిసిపోయినట్టే. తరువాత, ధారాళంగా మాట్లాడేవాళ్లలో అందరికంటే చిన్నవాళ్ల వయసు కనుక్కోండి. యాభై అయితే భాష మరో ముప్పై నలభై ఏళ్లు వినబడుతుంది. కానీ ఇంటిభాషగా తిరిగి నిలబెట్టే అవకాశం అప్పటికే దాటిపోయింది, ఎందుకంటే వాళ్ల ఇళ్లలో ఇక పసిపిల్లలు పుట్టరు. ఆ అవకాశం ఉన్నంతకాలం ఎవరికీ ప్రమాదం కనిపించకపోవడమే ఈ వ్యవహారంలో పెద్ద చిక్కు.

భాష తగ్గుతున్నప్పుడు లోపల కూడా కుంగుతుంది. ఆస్ట్రేలియాలోని జిర్బల్‌లో నామవాచకాలకు నాలుగు తరగతులుండేవి. 1980లలో యువకుల మాట పరిశీలిస్తే ఆ తరగతులు తగ్గిపోయాయి, విభక్తులు ఊడిపోయాయి, మాటల వరుస ఇంగ్లీషులా బిగుసుకుంది. ఇక్కడ పెద్దవాళ్లు చేసే హాని ఒకటుంది. ప్రతి తప్పునూ సరిదిద్దుతూ, నవ్వుతూ ఉంటే సగం వచ్చిన పిల్లలు నోరు మూసుకుంటారు, అది పూర్తిగా పెద్ద భాషకు మళ్లే దారి. విరిగిన విభక్తితో మాట్లాడే భాష బతికి ఉంటుంది. నోరు మూసుకున్న భాష ఉండదు.

ఇక పోయేదేమిటి. మొదట మనిషి మెదడు ఎన్ని రకాలుగా మాటను నడపగలదో చెప్పే సాక్ష్యం పోతుంది. వాక్యంలో కర్మ ముందు, క్రియ తరువాత, కర్త ఆఖరున వచ్చే వరుస సహజ వరుసగా ఏ భాషలోనూ ఉండదని ఒకప్పుడు భాషాశాస్త్రంలో గట్టి నమ్మకం. 1970లలో బ్రెజిల్ అడవుల్లోని హిష్కర్యానా భాషను డెస్మండ్ డర్బీషైర్ వివరించాక ఆ నమ్మకం పోయింది. ఆ భాష మాట్లాడేవాళ్లు కొన్ని వందల మంది. వాళ్లు ఒక తరం ముందే పోర్చుగీసుకు మారి ఉంటే, అలాంటి వరుస అసాధ్యమని పాఠ్యపుస్తకాలు ఇంకా చెబుతుండేవి. ఉబిఖ్‌లో హల్లులు 80కి పైన, అచ్చులు రెండే. కాలిఫోర్నియాలోని యుకి జనం వేళ్లను కాక వేళ్ల మధ్య సందులను లెక్కపెట్టేవారు, కాబట్టి వాళ్ల అంకెలు ఎనిమిది చొప్పున సాగేవి. ఆస్ట్రేలియాలోని మార్నింగ్టన్ దీవిలో లార్డిల్ పురుషులు దీక్షాకాలంలో నేర్చే దామిన్ అనే పలుకులో, నాలుకతో చప్పరించినట్టు వచ్చే క్లిక్ ధ్వనులుండేవి. ఆఫ్రికా బయట వాటిని మాటల్లో వాడిన చోటు మరొకటి తెలియదు. దీక్ష ఆగింది, దామిన్ ఆగింది. అమెజాన్ ప్రాంతపు తుయుకాలో ‘అతను బంతి ఆడాడు’ అని ఊరికే చెప్పడం కుదరదు. కళ్లారా చూశారా, చప్పుడు విన్నారా, మైదానంలో అడుగుజాడలు చూసి గ్రహించారా, ఎవరైనా చెప్పారా, అలా అయ్యుంటుందని ఊహిస్తున్నారా, ఐదింటిలో ఒకదాన్ని క్రియ చివర చెప్పి తీరాలి.

ఇక్కడ ఒక హద్దు పెట్టుకోవాలి. భాష పోతే ఆలోచనే పోతుందని, ఆ భాష మాట్లాడేవాళ్లు లోకాన్ని వేరే కళ్లతో చూస్తారని అందంగా చెబుతుంటారు. నిరూపణ అంత దూరం వెళ్లదు. దేన్ని గమనించాలో భాష అలవాటు చేస్తుంది, దేన్ని గమనించలేమో శాసించదు. తుయుకా రానివాళ్లు కూడా ‘చూశాను’, ‘అన్నారు’ అని చెప్పగలరు. తేడా ఏమిటంటే ఆ భాష ప్రతి వాక్యంలో చెప్పిస్తుంది.

మొక్కలు, చేపలు, గాలులు, నేలల గురించిన తెలివి విషయంలో లెక్క స్పష్టంగా ఉంది. 2021లో వచ్చిన ఒక పరిశోధన ఉత్తర అమెరికా, వాయవ్య అమెజాన్, న్యూగినీ ప్రాంతాల 236 భాషల్లో నమోదైన 12,495 మందుమొక్కల వాడకాలను పోల్చింది. వాటిలో 75 శాతానికి పైగా ఒకే ఒక్క భాషలో తెలిసినవి, పక్క ఊరి భాషవాళ్లకూ తెలియనివి. ‘అవి అనువాదం చేసుకుంటే సరిపోదా’ అంటే, చేసుకోవచ్చు, చేసిన చోట మిగిలింది కూడా. కానీ ఎవరూ చేయరు. మొక్క పేరు, దాని చుట్టాల పేర్లు, ఏ కాలంలో ఏ భాగం కోయాలన్న మాట, ఇవన్నీ అడవిలో నడుస్తూ ఒకరు మరొకరికి చెప్పేవి. పిల్లలు భాష మార్చుకునేది బడికీ పట్నానికీ వెళ్లినప్పుడు, ఆ నడక కూడా అప్పుడే ఆగుతుంది. కొత్త భాషలో ఆ మొక్కలకు పేర్లే ఉండవు, అన్నీ కలిపి ‘పిచ్చిమొక్కలు’ అయిపోతాయి.

చరిత్రకు రాతలు లేని చోట భాషే దస్తావేజు. ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ జనం పూర్వీకుల్లో కొందరు హిందూ మహాసముద్రం దాటి వచ్చారని మొదట చూపించింది భాషే: మలగాసీకి దగ్గరి చుట్టం బోర్నియో దీవిలోని మాన్యాన్. జిప్సీలని పిలిచే రోమా ప్రజలు భారతదేశం నుంచి బయల్దేరి ఏయే దేశాల మీదుగా యూరప్ చేరారో వాళ్ల భాషలోని పారశీక, ఆర్మేనియన్, గ్రీకు మాటల పొరలు చెప్పాయి. మాన్యాన్ గానీ రొమానీ గానీ నమోదు కాకుండా పోయి ఉంటే ఆ ప్రయాణాలు ఊహలుగా మిగిలేవి. చుట్టాలెవరూ లేని ఒంటరి భాషలు పోతే నష్టం ఇంకా పెద్దది. తెలిసిన భాషా కుటుంబాల్లో, ఒంటరి భాషలను కూడా కలుపుకుని చూస్తే, దాదాపు నాలుగో వంతు ఇప్పటికే పూర్తిగా అంతరించాయి.

రాత ఉంటే చాలు కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ప్రాచీన ఇటలీలో మాట్లాడిన ఎట్రస్కన్ భాష శాసనాలు పదివేలకు పైగా ఉన్నాయి. అక్షరాలు గ్రీకు నుంచి వచ్చినవే కాబట్టి పైకి చదవగలం. పేర్లు, సమాధి రాతలు దాటితే పెద్ద పాఠాల అర్థం చాలావరకు తెలియదు. ఈస్టర్ దీవిలో చెక్కలపై రాసిన రోంగోరోంగో లిపిదీ ఇదే దుస్థితి. 1862లో పెరూ బానిస వ్యాపారులు దీవి జనాన్ని ఎత్తుకుపోయాక, ఆ వెంటే వచ్చిన రోగాల తరువాత, దాన్ని చదవగలిగినవాళ్లు మిగల్లేదు.

మనుషుల మీద పడే దెబ్బను కొలవడం కష్టం, కానీ ఒక సంగతి చెప్పాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఆదివాసీ సమూహాలను పోల్చిన 2007 నాటి పరిశోధనలో, సగం మందికి పైగా సొంత భాషలో సంభాషించగల చోట్ల యువకుల ఆత్మహత్యలు చాలా తక్కువగా, కొన్నిచోట్ల అసలు లేకుండా ఉన్నాయి. భాష ఒక్కటే కారణమని దీనర్థం కాదు. భాష నిలిచిన చోట భూమి, బడి, పెద్దల మాట కూడా నిలిచి ఉంటాయి. అవన్నీ కలిసే నిలుస్తాయి, కలిసే కూలుతాయి.

‘అందరికీ ఒకే భాష’ అన్న మాటకు జవాబు క్లుప్తంగా: పెద్ద భాష నేర్చుకోవడానికి చిన్న భాషను వదలాల్సిన అవసరం లేదు. లోకంలో రెండు మూడు భాషలతో బతికేవాళ్లు అసంఖ్యాకం. రెండు భాషలతో పిల్లలు గందరగోళపడతారని, మాట ఆలస్యమవుతుందని ఒక తరం తల్లిదండ్రులకు టీచర్లూ డాక్టర్లూ చెప్పారు. అది తప్పు. ఒకే భాష ఉంటే గొడవలుండవన్నది ఇంకా పెద్ద తప్పు. 1994 నాటి రువాండా ఊచకోతలో చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ ఒకే కిన్యార్వాండా మాట్లాడారు.

నమోదు చేయాలనుకునేవాళ్లకు పని ఎలా చేయాలో చెప్తాను. ఫోన్‌తో మొదలుపెట్టినా ఫర్వాలేదు, కానీ వీలైతే విడి మైకు పెట్టి, కుదించని వేవ్ ఫైల్‌గా 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. ఎంపీ3 వద్దు. హల్లుల మధ్య సన్నని తేడాలు కుదింపులో చెరిగిపోతాయి, వాటి కోసమే కదా ఈ పని. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపండి. చప్పుడు తగ్గించే బటన్ నొక్కకండి. మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, వాళ్ల అనుమతి వాళ్ల గొంతులోనే పలికించండి. ఎవరు వినవచ్చు, ఎవరు వినకూడదు అన్నది కూడా అడగండి, ఎందుకంటే కొన్ని పాటలు బయటివాళ్లకు చెప్పేవి కావు.

ఏం రికార్డు చేయాలన్న దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ‘దీన్ని మీ భాషలో ఏమంటారు’ అని వరసగా అడుగుతూ పోతే పెద్ద భాష వాక్యానికి నకళ్లు వస్తాయి, సహజమైన మాట రాదు. రెండువందల మాటల పట్టిక మొదటిరోజుకు చాలు. ఆ తరువాత ఇద్దరు మాట్లాడేవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి మీరు పక్కకు తప్పుకోండి. పడవ చెక్కేవాళ్లను చెక్కుతూ, వల అల్లేవాళ్లను అల్లుతూ చెప్పమనండి. మొక్కల పేర్లు ఇంట్లో కూర్చుని రాయకండి. చెట్టు దగ్గరికి వెళ్లి, ఆకు, పువ్వు, కాయ ఫొటో తీసి, వీలైతే ఎండబెట్టిన నమూనా ఒక వృక్షశాస్త్రవేత్తకు చూపించండి. లేకపోతే నిఘంటువులో ‘ఒక రకం చెట్టు’ అన్న పనికిరాని అర్థాలు వందల్లో మిగులుతాయి. భాషను తిరిగి తెచ్చుకోవాలనుకున్న చాలా జాతులకు పాత రికార్డుల్లో దొరికేది సృష్టి కథలు, పూజ మంత్రాలు. దొరకనివి: పసిపిల్లను జోకొట్టే మాటలు, కసురుకునే మాటలు, ‘చెప్పులు వేసుకో’, ‘ఇంకొంచెం తిను’, ‘ఆగు, వస్తున్నా’. ఇల్లు నడిచేది వీటితోనే. ముందు వీటిని పట్టుకోండి.

ఒక గంట రికార్డింగును విని రాసి, మాట మాటకూ అర్థం పెట్టడానికి నలభై గంటలు తేలిగ్గా పడతాయి. అందుకే ఐదువందల గంటలు పోగేసి అర్థం పెట్టకుండా వదిలేసిన నిల్వలు ప్రపంచమంతటా ఉన్నాయి, అర్థం చెప్పగలిగినవాళ్లేమో వెళ్లిపోయారు. తక్కువ రికార్డు చేసి, అదే వక్తతో కూర్చుని అదే నెలలో అర్థం రాయించండి. గొంతునూ రాతనూ క్షణం క్షణానికి జతపరచడానికి ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, నిఘంటువు కట్టడానికి ఫ్లెక్స్ ఉంది. ప్రతులు మూడు ఉండాలి, అందులో ఒకటైనా వేరే ఊళ్లో, ఒకటి జాతివాళ్ల చేతిలో. 2018 సెప్టెంబర్ 2న రియో డి జనీరోలోని బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడినప్పుడు, ఆదివాసీ భాషల టేపులూ కాగితాలూ అందులో ఉన్నాయి. మరో ప్రతి లేనివి శాశ్వతంగా పోయాయి.

నమోదు వేరు, బతికించడం వేరు. బతికించడంలో అందరూ యూదులు తిరిగి ఇంటిభాషగా చేసుకున్న హీబ్రూను చూపిస్తారు. అది మాదిరిగా పనికిరాదు. హీబ్రూను చదవగలిగినవాళ్లు అప్పటికే లక్షల్లో ఉన్నారు, వేర్వేరు దేశాల నుంచి వచ్చిన వలసదారులకు ఉమ్మడి మాట ఒకటి కావలసివచ్చింది. చూడాల్సింది న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీ వాళ్లను. 1982లో కోహంగా రేయో పేరుతో ఐదేళ్లలోపు పిల్లలను మావోరీ మాత్రమే మాట్లాడే అవ్వాతాతల మధ్య ఉంచారు. అక్కడ పాఠం చెప్పరు, ఆ భాషలో తినిపిస్తారు, నిద్రపుచ్చుతారు, ఆడిస్తారు. హవాయిలో 1984లో ఇదే పద్ధతి మొదలైంది. 1896 నుంచి అక్కడి బళ్లలో ఇంగ్లీషే బోధనభాష అన్న చట్టం ఉండేది. తల్లిదండ్రులు పోరాడితే 1986లో అడ్డు తొలగింది. రెండు చోట్లా ఎదురైన చిక్కులు ఒకటే. ఐదేళ్లు నిండి మామూలు బడికి వెళ్లగానే పిల్లలు జారిపోతారు, కాబట్టి పై తరగతులు కూడా ఆ భాషలో ఉండాలి. ఇంట్లో అమ్మానాన్నలకు భాష రాకపోతే సాయంత్రానికి పొద్దుటిది కరిగిపోతుంది, కాబట్టి వాళ్లకూ తరగతులుండాలి. ఐర్లండ్‌కు సొంత ప్రభుత్వం వచ్చిన 1922 నుంచి ఐరిష్ అధికార భాష, బళ్లలో తప్పనిసరి. అయినా దాన్ని రోజూ మాట్లాడే పల్లెలు కుంచించుకుపోతూనే వచ్చాయి. పరీక్ష కోసం నేర్చిన భాషను ఎవరూ తమ పసిబిడ్డతో మాట్లాడరు.

పిల్లల బడి పెట్టేంత మంది వక్తలు లేని చోటికి కాలిఫోర్నియాలో 1990లలో రూపొందిన గురుశిష్య పద్ధతి సరిపోతుంది. మాట్లాడే పెద్దవారు ఒకరు, నేర్చుకునే యువకుడో యువతో ఒకరు, వారానికి పది నుంచి ఇరవై గంటలు, రెండు మూడేళ్లు. పుస్తకం ఉండదు. కలిసి వంట, బట్టలు ఉతకడం, కారులో ప్రయాణం, అన్నీ ఆ భాషలోనే. అర్థం కాకపోతే సైగ చేయాలి, పెద్ద భాషలోకి జారకూడదు. శిష్యులు మొదట నేర్వాల్సినవి ‘ఇదేమిటి’, ‘మళ్లీ చెప్పండి’, ‘ఏం చేస్తున్నారు’. ఒక కొత్త మాట నిలవాలంటే ఇరవై వేర్వేరు సందర్భాల్లో వినబడాలన్నది అక్కడివాళ్ల లెక్క. చెడిపోయేది సాధారణంగా రెండో నెలలో, ఇద్దరూ అలసిపోయి ఇంగ్లీషులో కబుర్లు మొదలుపెట్టినప్పుడు. రోజులో ఒక రెండు గంటలైనా కచ్చితంగా కాపాడుకుంటే మళ్లీ గాడిన పడుతుంది.

వక్తలే లేని భాషకూ దారి పూర్తిగా మూసుకుపోలేదు. బ్రిటన్ పక్కనున్న మాన్ దీవి భాష మాంక్స్‌ను ఇంటిభాషగా నేర్చిన చివరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో పోయాడు. అంతకుముందు ఆయన దగ్గరికి వెళ్లి నేర్చుకున్నవాళ్లు, తీసిపెట్టిన టేపులు ఉండబట్టి, 2001లో మాంక్స్ మాధ్యమంగా ప్రాథమిక పాఠశాల వచ్చింది. అమెరికా ఈశాన్య తీరపు ఆదివాసీ భాష వాంపనోగ్ అంతకంటే కఠినం. వందేళ్లకు పైగా మాట్లాడేవాళ్లే లేరు. 1663 నాటి బైబిల్ అనువాదం, పాత భూమి పత్రాలు, వీలునామాలు, పక్క చుట్టపు భాషలతో పోలిక, వీటితో జెస్సీ లిటిల్ డో బెయర్డ్ 1993 నుంచి భాషను తిరిగి కూర్చి తన కూతురిని అందులో పెంచారు. ఇలా వచ్చిన భాష పూర్వపు భాషతో అచ్చంగా ఒకటి కాదు. ఉచ్చారణలో, వాక్యపు పోకడలో ఇంగ్లీషు జాడలుంటాయి. దాన్ని నకిలీ అనేవాళ్లతో నేను ఏకీభవించను. పిల్ల ఏడ్చినప్పుడు ఆ భాషలో ఏడుస్తుంటే అది భాషే.

మీకు సొంత భాష సగమే వచ్చి, ఇంట్లో చిన్నపిల్ల ఉంటే, పూర్తిగా వచ్చేదాకా ఆగకండి. రోజులో ఒక పని తీసుకోండి, స్నానమో పడుకోబెట్టడమో. ఆ పనికి కావలసిన ముప్పై నలభై మాటలు పెద్దవాళ్ల దగ్గర రికార్డు చేసి పెట్టుకుని, ఆ పని మాత్రం ఇక ఆ భాషలోనే చేయండి. రెండు మూడు నెలలకు నోటికి పట్టాక ఇంకో పని కలపండి. పిల్ల పెద్ద భాషలో జవాబిస్తే తిట్టకండి, ఆమె అన్నదాన్నే మీ భాషలో తిరిగి అని ముందుకు సాగండి. ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటే పిల్లతో ఆవిడ మాట్లాడే భాషను ఎవరూ మార్పించకుండా చూడండి. ముఖ్యంగా చుట్టాలు వచ్చినప్పుడు మొహమాటానికి మారడం అలవాటవుతుంది, అది అలా అలవాటై నిలిచిపోతుంది.